తల్లిని మరల చూచిన సమూయేలు

(చదువవలసిన భాగములు: ఆదికాండము 45వ అధ్యాయము, 1 సమూయేలు 2:18-21, కీర్తన 10:14)



యోసేపు తన అన్నలకు తన్ను తెలియజేసికొనిన అధ్యాయము ఆరాధనలో చదువబడునప్పుడు, వెనుక వరుసలలో కూర్చున్న ముసలమ్మలు కొంగుతో కన్నులు తుడుచుకొనుట మనము చూచుచునే యుందుము. ఎన్నిసార్లు విన్న కథయో! అయినను ఆ చోటికి వచ్చుసరికి గుండె కరగును. ఎందుకనగా మన యూళ్లలో కూడ కన్నవారి చేతినుండి జారిపోయిన బిడ్డలున్నారు. దత్తు పోయినవారున్నారు. కరవునాడు ఒకరి గుమ్మమున విడువబడి వేరొకరి కూడు తిని పెరిగినవారున్నారు. 1876-78 సంవత్సరములలో ధాత కరవు వచ్చినప్పుడు తలిదండ్రులు లేని పిల్లలను మిషనువారు చేరదీసి, చదువు చెప్పి, క్రొత్త పేర్లు పెట్టి పెంచిరి. వారి సంతతివారు నేడు మన సంఘములలో పెద్దలైయుండవచ్చును.

అట్టివారు పెరిగి పెద్దవారైన పిమ్మట మనస్సులో ఒక ముల్లు ఉండును. కన్నవారిని వెదకికొని పోవలెనా? ఊరకుండవలెనా? పోయినచో వారు గుర్తింతురా? గుర్తించినను, క్రొత్త పేరుతోను క్రొత్త విశ్వాసముతోను వచ్చినవానిని తమ బిడ్డ యని యెంచుదురా? పెంచినవారి మాట యేమి? ఈ సంగతులను గూర్చి ప్రసంగము చేయుటకంటె ఒక మనుష్యుని జీవితము చెప్పుట మేలని తోచినది. ఆయన ఆఫ్రికా ఖండమునకు చెందిన బిషప్ సమూయేలు అజాయీ క్రౌథరుగారు. ఆంగ్లికను సంఘములో బిషప్పుగా అభిషేకింపబడిన మొదటి ఆఫ్రికావాడు ఆయనయే.

ఇప్పుడు నైజీరియా అని పిలువబడు దేశపు పడమటి భాగమున యొరూబా జనులు నివసించుచున్నారు. వారి దేశములో ఓషోగున్ అను ఊరిలో 1809వ సంవత్సర ప్రాంతమున ఈయన పుట్టెను. తండ్రి మగ్గము నేయువాడు. తల్లి పేరు అఫాలా. ఆమె ఒబటాల అను దేవతకు పూజారిణి యని చరిత్రకారులు వ్రాయుదురు. బిడ్డకు అజాయీ అని పేరు పెట్టిరి. యొరూబావారి వాడుక చొప్పున, పుట్టునప్పుడు ముఖము క్రిందికి ఉండి పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుదురు. అది తలిదండ్రులు ఎంచుకొనిన పేరు కాదు, పుట్టుకతో బిడ్డ తెచ్చుకొనిన పేరని వారి భావము. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి.

ఆ దినములలో ఓయో అను పాత రాజ్యము చీలిపోయి దేశమంతట యుద్ధములు చెలరేగెను. ఊరిమీద పడి మనుష్యులను పట్టుకొని అమ్మివేయుట దండులకు వ్యాపారమాయెను. సముద్రతీరమున కొనుటకు తెల్లవారి ఓడలు సిద్ధముగా నుండెను గదా! కొనువాడు లేనిదే అమ్మువాడు లేడు. 1821వ సంవత్సరారంభమున ఒక ఉదయమున ఇంటింట వంట అగుచుండగా ఓషోగున్ మీద దండు పడెను. తండ్రి పరుగెత్తుకొని వచ్చి పారిపొండని సైగచేసి తిరిగి పోరాటమునకు వెళ్లెను. అజాయీ తన తండ్రిని చూచుట అదే కడపటిసారి. ఆయన తరువాత మరియొక యుద్ధములో చనిపోయెనని కొన్నాళ్లకు తెలిసెను.

తల్లి, అజాయీ, ఇద్దరు చెల్లెండ్రు, ఒక దాయాది బిడ్డ పొదలలోనికి పరుగెత్తిరి. చెల్లెండ్రలో ఒకతె పది నెలల పసికందు. శత్రువులు వారిని పట్టుకొని, మేకలను కట్టినట్లు మెడలకు ఉచ్చులు వేసి ఒకరి వెనుక నొకరిని నడిపించిరి. పన్నెండు పదుమూడేండ్ల బాలుడు అంబులు చేతబట్టుకొనియుండెనుగాని వాటితో ఏమి చేయగలడు? వెనుకకు తిరిగి చూచినప్పుడు ఊరు మండుచుండెను.

ఇసెయిన్ అను పట్టణము చేరగానే పంచుకొనుట జరిగెను. తల్లి ఒకరి పాలు, కుమారుడు ఒకరి పాలు. వానిని ఒక గుఱ్ఱమునకు మారుగా ఇచ్చివేసిరి. కొన్నాళ్లకు ఆ గుఱ్ఱము బాగులేదని తిరిగి యిచ్చి బాలుని తిరిగి పుచ్చుకొనిరి. ఆ తరువాత వేరొక ఊరికి తీసికొనిపోగా, అక్కడ తల్లియు చెల్లెలును ఉన్నారని తెలిసి ఎంత సంతోషించెనో! దాదాపు మూడు నెలలు ఒకే ఊరిలో నుండి ఒకరినొకరు చూచుకొనుచుండిరి. ఒకనాటి సాయంకాలము వానిని ఆకస్మికముగా పట్టుకొని చేతులు కట్టి మరియొక యింటిలో దాచిరి. తెల్లవారగానే సంతకు నడిపించుకొని పోయిరి. తల్లికి ఒక్క మాట చెప్పుటకైన వీలులేకపోయెను.

అక్కడనుండి చేతులు మారుచు మారుచు సముద్రమువైపు సాగెను. తెల్లవారికి అమ్ముదురేమో యను భయముతో రాత్రులయందు నడికట్టుతో మెడకు ఉరి బిగించుకొనవలెనని ప్రయత్నించెనుగాని చేయి సాహసింపలేదు. కడపట పొగాకు, సారాయి మొదలగు సరకులకు మారుగా అమ్మబడి లాగోసు పట్టణము చేరెను. అక్కడ పోర్చుగీసు వర్తకుడు కొనెను. పెద్దవారిని పిల్లలను కలిపి మెడలకు ఇనుప కడియములు తొడిగి వాటిగుండ ఒకే పొడుగు గొలుసు దూర్చిరి. పెద్దవారు కోపముతోనైనను బాధతోనైనను గొలుసును తమవైపు లాగుకొనినప్పుడు పిల్లల మెడలు నలిగిపోయెడివి. 187 మంది బానిసలతో ఓడ బయలుదేరెను.

అయితే ఓడ తీరము విడిచిన మరునాడే, 1822 ఏప్రిల్ 7వ తేదీన, బానిస వ్యాపారమును అడ్డగించుటకు తిరుగుచుండిన ఇంగ్లీషు యుద్ధనౌకలు దానిని పట్టుకొనెను. మిర్మిడన్ అను నౌకకు హెన్రీ లీక్ అను దొర కప్తాను. పిల్లలకు ఇది విడుదల యని ఎట్లు తెలియును? యజమానులు మారిరనియే తలంచిరి. నౌకమీద వ్రేలాడగట్టిన మాంసపు ముక్కలను చూచి మనుష్య మాంసమనియు, పేర్చియుంచిన ఫిరంగి గుండ్లను చూచి నరికిన తలలనియు వణకిపోయిరి. దగ్గరకు పోయి చూచినప్పుడు మాంసమునకు పందిగిట్టలు కనబడగా ప్రాణము కుదుటపడెను. ఈ సంగతులన్నియు 1837లో వ్రాసిన ఉత్తరములో క్రౌథరుగారే తెలియజేసియున్నారు.

జూన్ 17వ తేదీన వారిని సియెరా లియోను దేశమందలి ఫ్రీటౌను రేవున దించిరి. పుట్టిన ఊరికి పంపవచ్చును గదా యని మీరడుగవచ్చును. ఊరు ఏది? అది కాలిపోయెను. త్రోవ పొడుగున మనుష్యులను పట్టువారే. కాబట్టి విడిపింపబడినవారిని బాథర్స్టు మొదలగు గ్రామములలో ఉంచి, చర్చి మిషనరీ సొసైటీవారు పిల్లలను చేరదీసిరి. మన మచిలీపట్నమునకు 1841లో నోబుల్ దొరను, ఫాక్స్ దొరను పంపిన సొసైటీ ఇదియే. అజాయీ ఆరు నెలలలో క్రొత్త నిబంధన చదువగలిగెను. వడ్రంగము కూడ నేర్చుకొనెను. 1825 డిసెంబరు 11న బాప్తిస్మము పొందినప్పుడు, లండనులోని ఒక పాదిరిగారి పేరు వానికి పెట్టిరి. అదే సమూయేలు క్రౌథరు.

కన్నవారి పేరుకు క్రొత్తపేరు చేరెను. కన్నతల్లి స్థానమున మిషను దొరసానులు, బడి, సంఘము. ఈ క్రొత్త యింటివారు వానిని ప్రేమించిరనుటలో సందేహము లేదు. 1826లో ఇంగ్లాండునకు తీసికొనిపోయి కొన్ని నెలలు చదివించిరి. తిరిగి వచ్చిన పిమ్మట 1827లో ఫౌరా బే అను కళాశాల ప్రారంభమైనప్పుడు అందు చేరిన మొదటి విద్యార్థులలో ఆయన ఒకడు. ఆయన పెండ్లాడిన ఆసానో కూడ బానిస ఓడనుండి విడిపింపబడిన కన్యయే. ఆమెకు బాప్తిస్మమందు సుసన్న అని పేరు. ఆమె బడిపంతులమ్మ. కన్నవారు కనబడకుండ పోయిన ఇద్దరు ఒక యింటివారై పిల్లలను కనిరి.

యోసేపు తనకు మొదట పుట్టిన కుమారునికి మనష్షే అని పేరు పెట్టెను. తన తండ్రి యింటివారినందరిని దేవుడు మరపించెనను అర్థముతో ఆ పేరు పెట్టెనని ఆదికాండము 41వ అధ్యాయములో చూచుచున్నాము. అయితే నిజముగా మరచెనా? మరచినవాడైతే తమ్ముని చూడగానే లోపలి గదిలోనికి పోయి ఏల ఏడ్చెను? క్రౌథరుగారు కూడ మరువలేదు. 1837లో తన చెరను గూర్చి వ్రాయునప్పటికి తల్లిని విడిచి పదునారేండ్లాయెను. అయినను ఆ కడపటి రాత్రిని నిన్న జరిగినట్లు వ్రాసెను. ఈ లోకములో ఆమెను మరల చూతునను ఆశ ఆ ఉత్తరములో లేదు.

1841లో ఇంగ్లీషువారు నైగరు నదిమీద ఒక గొప్ప యాత్ర చేసిరి. ఆఫ్రికా లోపలి దేశములలో బానిస వ్యాపారమును మాన్పించి నీతియైన వర్తకమును స్థాపించుట వారి ఉద్దేశము. మలేరియా జ్వరముచేత తెల్లవారనేకులు చనిపోగా యాత్ర భంగమాయెను. ఆ యాత్రలో పాల్గొనిన క్రౌథరుగారి యోగ్యతను చూచి సొసైటీవారు ఆయనను లండనుకు పిలిపించి చదివించిరి. 1843లో ఆయన గురువుగా అభిషేకము పొందెను. అదే సంవత్సరమున ఆయన వ్రాసిన యొరూబా వ్యాకరణమును పదముల పట్టికయు అచ్చుపడెను. 1844 జనవరిలో ఫ్రీటౌనులో యొరూబా భాషలో ఆరాధన నడిపించెను. పదుమూడేండ్లప్పుడు నోటనుండి లాగివేయబడిన భాష ప్రసంగపీఠమున మరల వినబడెను. తల్లికంటె ముందు తల్లి భాష దొరకెనని నేననుకొందును.

ఇదిట్లుండగా, ఫ్రీటౌనులో స్థిరపడిన యొరూబావారు కొందరు సొమ్ము కూర్చి ఓడ చేసికొని స్వదేశమునకు తిరిగి పోవుచుండిరి. తీరమునుండి లోపలికి అబెయొకూటా అను పట్టణముండెను. రాతిక్రింద అని ఆ పేరునకు అర్థము. యుద్ధములలో ఊళ్లు పోగొట్టుకొనిన ఎగ్బా జనులు 1830 ప్రాంతమున ఒలుమో అను పెద్ద బండ నీడను చేరి కట్టుకొనిన పట్టణమది. తిరిగి వచ్చినవారిలో కొందరికి అక్కడ అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు కనబడిరన్న వార్త ఫ్రీటౌను చేరెను. ఆ పట్టణమునకు సువార్తికులుగా టౌన్సెండు దొర, గోల్మర్ దొర, వారితో క్రౌథరుగారు 1844 చివర బయలుదేరిరి. 1845 జనవరిలో బడాగ్రీ రేవున దిగిరి.

దిగగానే అబెయొకూటా నాయకుడైన సోడెకే చనిపోయెనని తెలిసెను. త్రోవలు మూతపడెను. ఒకటిన్నర సంవత్సరము బడాగ్రీలోనే నిలిచిపోయిరి. ఊరకుండలేదు, బడి పెట్టిరి, బోధించిరి, గ్రంథములను తర్జుమా చేసిరి. అయినను ఆ నిరీక్షణను తలంచుడి. తాను అమ్మబడిన లాగోసు ఒక ప్రక్క సమీపముననే ఉన్నది. పుట్టిన దేశము మరియొక ప్రక్క. నడుమ త్రోవలేదు. 1846 జూలై నెలాఖరున గాని వారు కదలలేకపోయిరి. ఆగస్టు మొదటి దినములలో అబెయొకూటా చేరిరి.

మూడు వారములు గడచెను. ఆగస్టు 21వ తేదీ వచ్చెను. ఆ కాలమున క్రైస్తవులకు దినమునకొక వాక్యము చూపు పంచాంగము ఉండెడిది, మన యిండ్లలో గోడకు వ్రేలాడదీసికొను క్యాలెండరు వంటిది. ఆనాటి వాక్యము 10వ కీర్తన 14వ వచనములోనిది, తండ్రిలేనివారికి దేవుడు సహాయుడైయున్నాడను భావము గలది. ఆ వాక్యపు బలము ఆ దినమున తెలిసినంతగా ఎన్నడును తెలియలేదని క్రౌథరుగారు తమ దినచర్యలో వ్రాసికొనిరి.

ఆ దినమున ఒక వృద్ధ స్త్రీ తన కుమారుని వెంటబెట్టుకొని మిషనువారున్న చోటికి వచ్చెను. క్రౌథరుగారిని చూచి వణకెను. తన కన్నులను తానే నమ్మలేకపోయెను. ఇద్దరును ఒకరి చేతులొకరు పట్టుకొని మాటలేక ఒకరినొకరు చూచుచు నిలిచిరి. చిక్కిపోయిన ఆమె చెంపలమీద కన్నీరు ధారలుగా కారెను. జనులు గుమిగూడిరి. అప్పుడామె నోటనుండి వెడలినది ఏమనుకొందురు? క్రౌథరు అను పేరు కాదు, అది ఆమె ఎరుగనే ఎరుగదు. చిన్ననాడు వాని అవ్వ వానిని ముద్దుగా పిలుచుచుండిన పేర్లతో పిలిచెను. వణకు చేతితో వాని చేయి పట్టుకొని ఆ పేర్లన్నిటితో పిలిచెను. ఆ పేర్లు ఆయనకు బాగుగా జ్ఞాపకముండెను. ఆ అవ్వ దాస్యములోనే చనిపోయియుండెను.

ఆ ఘడియలో ఎదుట నిలిచినవాడెవడు? తెల్లవారి వస్త్రములు ధరించిన ముప్పది యేడు ముప్పది యెనిమిదేండ్ల మనుష్యుడు. వేరొక దేవుని సేవకుడు. ఆమె ఎరుగని స్త్రీకి భర్త, ఆమె చూడని పిల్లలకు తండ్రి. ఆమె పోగొట్టుకొనినది విల్లంబులు పట్టుకొని తిరుగు కుఱ్ఱవానిని. అయినను వాడే వీడని ఆమె గుర్తించెను. యోసేపు దుబాసీనుంచుకొని అన్నలతో మాటలాడెను, తన్ను దాచుకొనెను, వారిని పరీక్షించెను. ఇక్కడ దుబాసీ అక్కరలేదు, పరీక్షయు లేదు. యోసేపు అందరిని వెలుపలికి పంపి ఏడ్చెను. ఇక్కడ ఊరిజనులందరు చూచుచుండగా తల్లీకుమారులు మౌనముగా కూర్చుండి, నడుమ నడుమ ఒకరి ముఖమొకరు చూచుకొనుచుండిరి. 25 సంవత్సరముల ఎడబాటు ఆ ప్రేమను ఆర్పలేకపోయెనని ఆయన వ్రాసెను. ఎక్కువ మాటలు సాగలేదట. మనలో కొందరు ఇట్టి కలయికలలో గొప్ప మాటలు చెప్పవలెనని ముందుగా సిద్ధపడుదురు. ఆ అక్కర ఉండదు కాబోలు.

తరువాత సంగతులు తెలియవచ్చెను. ఇద్దరు చెల్లెండ్రును బ్రదికియుండిరి. పది నెలల పసిది కూడ! అబాకా అను సమీప గ్రామమున తల్లి వారితోను మనుమలతోను కాపురముండెను. ఆయనను గూర్చి వెదకి వెదకి ఆశ విడిచియుండిరి. వెదకుట మానిన పిమ్మట దొరకెను. యోసేపునకు తండ్రి బ్రదికియుండెను, తల్లి లేదు. అజాయీకి తండ్రి లేడు, తల్లి మిగిలెను.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఆ పోర్చుగీసు ఓడలో 187 మంది యుండిరి. అందరికిని ఇట్టి దినము రాలేదు. ఫ్రీటౌను గ్రామములలో ముసలివారై చనిపోయిన వేలమంది తమ తల్లి ముఖమును మరల చూడలేదు. వారు తక్కువగా ప్రార్థించిరని ఎవరును అనకూడదు. కన్నవారిని వెదకి, సమాధి మాత్రమే కనుగొనినవారు మన సంఘములలోను ఉండవచ్చును. కనుగొనిన పిమ్మట తలుపు తెరువబడనివారును ఉండవచ్చును. వారు ఆ 10వ కీర్తనను మొదటినుండి చదువుదురుగాక. దేవుడు దూరముగా నిలిచి దాగియున్నట్లున్నాడను మొఱతోనే ఆ కీర్తన ప్రారంభమగును. పదునాలుగవ వచనము ఆ మొఱ తరువాత వచ్చినది.

తల్లి దొరకిన పిమ్మట క్రౌథరుగారు చేసినదేమనగా, పెంచినవారి విశ్వాసమును దాచుకొనలేదు, కన్నతల్లిని పరాయిదానినిగా చూడలేదు. ఆమె పాత పూజలలో ముసలిదైన స్త్రీ. వెంటనే ఆమెకు బాప్తిస్మమియ్యలేదు. ఏడాదిన్నర గడచెను. వాక్యము వినెను, కుమారుని యింటివారి నడవడి చూచెను. అబెయొకూటాలో మొదటి బాప్తిస్మములు 1848 ఫిబ్రవరి 5న జరిగెను. ఆ కొద్దిమందిలో అఫాలా ఒకతె. ఆమెకు హన్నా అని పేరు పెట్టిరి. సమూయేలు తల్లి హన్నా గదా! బైబిలులోని హన్నా కుమారుని దేవాలయములో విడిచి, ఏటేట చిన్న అంగీ కుట్టి తెచ్చి యిచ్చెను. బిడ్డ ఏటికేడు ఎంత పెరిగెనో ఆమె చేతికి తెలియును. ఈ హన్నాకు ఆ భాగ్యము లేదు. మగ్గము నేయువాని భార్యయైయుండియు 25 ఏండ్లు తన బిడ్డ ఒంటిమీద గుడ్డ యున్నదో లేదో ఎరుగదు. ఆ పేరు పెట్టినవారు ఇదంతయు తలంచిరో లేదో గాని పేరు మాత్రము తగియున్నది.

ఒక క్రొత్త పేరు ఆయనకు పెట్టబడెను, దానికి సరిపడు పేరు ఆయన తల్లికి పెట్టబడెను. ఆయన మాత్రము అజాయీ అనునది విడువలేదు. నేటికిని ఆఫ్రికావారు ఆయనను అజాయీ క్రౌథరు అనియే పిలుచుచున్నారు.

తల్లి భాష విషయములో కూడ ఆయన అట్లే చేసెను. యొరూబా బైబిలు తర్జుమాలో ముఖ్యుడు ఆయనయే. బాలుడుగానున్నప్పుడు నేర్చిన మాటలు చాలవని ఎరిగి, పెద్దల దగ్గరను పూజారుల దగ్గరను కూర్చుండి వారి సామెతలు, మాటల పోకడ వ్రాసికొనుచుండెను. తెల్లవారి యాసగల పుస్తక భాష గాక తల్లులు పిల్లలతో పలుకు భాష ఆయనకు కావలెను. రోమీయులకు వ్రాసిన పత్రిక 1850లో అచ్చుపడెను. గ్రంథమంతయు ముగియుటకు 1880ల నడిమి వరకు పట్టెను. ఇతరులును అందులో పాలుపొందిరి.

1851లో ఆయన ఇంగ్లాండునకు పోయి విక్టోరియా రాణిగారిని చూచెను. లాగోసులో జరుగుచుండిన బానిస వ్యాపారమును గూర్చి విన్నవించెను, ప్రభువు ప్రార్థనను యొరూబాలో వినిపించెను. ఆ యేడు చివరనే ఇంగ్లీషు నౌకలు ఫిరంగులతో లాగోసును పట్టుకొనెను. 1854లోను 1857లోను మరల నైగరు నదిమీద పోయి, ఆఫ్రికా ఉపదేశకులతోనే అక్కడ మిషను స్థాపించెను.

1864 జూన్ 29న కాంటర్‌బరీ మహాదేవాలయములో ఆయనకు బిషప్పుగా అభిషేకము జరిగెను. మన దోర్నకలులో అజరయ్యగారు బిషప్పగుటకు ఇంకను 48 ఏండ్లు గడువవలసియుండెను. ఆనాటి సభలో ఇద్దరిని చూడుడి. ఒకరు, 42 ఏండ్ల క్రితము ఆ బాలుని బానిస ఓడనుండి దించిన కప్తాను లీకుగారు. అప్పటికి ఆయన నౌకాసేనలో గొప్ప హోదాకు వచ్చిన వృద్ధుడు. రెండవవారు వీక్స్ దొరసాని, బాథర్స్టులో చిన్ననాడు ఆయనకు చదువు చెప్పిన తల్లి. కన్నతల్లి ఆఫ్రికాలో నుండెను, పెంచిన తల్లి అక్కడ ముందువరుసలవారిలో నుండెను. కన్నవారు దొరకిరని ఆయన పెంచినవారిని విడువలేదు.

అయితే ఈ కథలో చేదు కూడ నున్నది. అబెయొకూటాలోను తక్కిన యొరూబా దేశములోను ఉన్న తెల్ల మిషనరీలు ఆఫ్రికావాని అధికారము క్రింద నుండుటకు ఇష్టపడలేదు. కావున తన తల్లి దొరకిన పట్టణపు సంఘమే ఆయన బిషప్పు అధికారములో చేర్చబడలేదు. ఆయనకు నైగరు ప్రాంతమే దక్కెను. అక్కడి జనుల భాషలు ఆయన భాష కాదు. అక్కడ 26 ఏండ్లు ప్రయాసపడెను. కడపట 1890లో ఇంగ్లాండునుండి వచ్చిన యౌవన మిషనరీలు ఆయన పనివారిమీద నేరములు మోపి, అనేకులను తీసివేసి, ముసలి బిషప్పును అవమానించిరి. పనివారిలో తప్పులు లేకపోలేదు. అయినను చేసిన విధము అన్యాయము. ఆయన ఆ కమిటీనుండి విరమించుకొనెను. పెంచిన యింటివారే తన్ను నమ్మకపోయినప్పుడు ఎట్లుండునో దత్తుబిడ్డలకు తెలియును. 2014 జూన్ 29న, అభిషేకము జరిగి 150 ఏండ్లైన సందర్భమున, కాంటర్‌బరీ ఆర్చిబిషప్పుగారు అదే దేవాలయములో ఈ అన్యాయమునకు క్షమాపణ చెప్పిరి.

తల్లి ఈ అవమానమును చూడలేదు. హన్నమ్మగారు తొంబది యేండ్లు దాటిన వయస్సున 1883లో లాగోసులో నిద్రించిరి. కుమారుడు దొరకిన పిమ్మట ఆమె 37 సంవత్సరములు బ్రదికెను. మనుమలను, వారి పిల్లలను చూచెను. క్రౌథరుగారి కుమార్తె కొడుకైన హెర్బర్టు మెకాలే తరువాత నైజీరియా స్వాతంత్ర్యోద్యమమునకు పెద్దదిక్కయ్యెను.

క్రౌథరుగారు 1891 డిసెంబరు 31న, ఆ సంవత్సరపు చివరి దినమున, అదే లాగోసు పట్టణములో కన్నుమూసిరి. మెడలో ఇనుప కడియముతో పదుమూడేండ్లవాడు తెల్లవారి ఓడ ఎక్కిన రేవు అది.